మూసీ బురదను చదవడం ఎలా: నది అడుగున భారలోహాల ముప్పును లెక్కగట్టే పద్ధతి

మూసీ ఒడ్డు ఊళ్ల నుంచి ఎవరైనా పరీక్షకని వస్తే చేతిలో నీళ్ల సీసా ఉంటుంది. నల్లగా, నురగతో, వాసన కొట్టే నీళ్లు. సీసం ఎంతుందో, క్రోమియం ఎంతుందో చూడమంటారు. కొన్నాళ్లకు కాగితం వస్తుంది: అన్నీ పరిమితి లోపే, లేదంటే కొలతకు అందనంత తక్కువ. తెచ్చిన మనిషి ముఖంలో అనుమానం మాత్రం పోదు. ఆ అనుమానం సరైనదే. ల్యాబు తప్పు చెప్పలేదు. మనం అడగాల్సింది నీళ్లను కాదు, కింద ఉన్న బురదను.

భారలోహాలు నది నీళ్లలో ఎక్కువసేపు కరిగి ఉండవు. పీహెచ్ 7, 8 మధ్య ఉన్న నీటిలో సీసం, రాగి, క్రోమియం లాంటివి సన్నటి బంకమట్టి రేణువులకూ, ఇనుము, మాంగనీసు తుప్పు పొరలకూ, కుళ్లుతున్న చెత్తకూ అంటుకుని అడుగుకు దిగిపోతాయి. ఇవాళ పొద్దున ఏం వదిలారో నీళ్లు చెబుతాయి. ఏళ్ల తరబడి ఏం వదిలారో బురద చెబుతుంది. అర్ధరాత్రి ఒక ట్యాంకరు నాలాలో ఖాళీ అయితే తెల్లారేసరికి నీళ్లలో దాని జాడ ఉండదు, బురదలో మిగులుతుంది.

ఆ బురదను ఎక్కడ తీయాలి, ఎలా దాచాలి, ల్యాబును ఏమడగాలి, వచ్చిన అంకెలతో ఏం చేయాలి అన్నది ఇక్కడ వరసగా చెబుతాను. డిగ్రీ, పీజీ విద్యార్థులు, వాళ్లకు ప్రాజెక్టులు చేయించే లెక్చరర్లు, ఊళ్లో పట్టుదల ఉన్న నలుగురు యువకులు ఎవరైనా చేయగలిగిన పనే. మధ్యలో ఒక్క భాగానికే ల్యాబు కావాలి. ఉదాహరణ మూసీదే అయినా పద్ధతి ఏ నదికైనా ఇదే.

మొదట నదిని కాగితం మీద గీయండి

మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, సుమారు 240 కిలోమీటర్లు పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 వరదల తర్వాత కట్టిన రెండు జలాశయాల్లో ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, మూసీ మీద ఉంది. హిమాయత్‌సాగర్ ఈసీ మీద ఉంది. ఈ రెండు ఏర్లు లంగర్‌హౌజ్ దగ్గర బాపూఘాట్ వద్ద కలుస్తాయి. అక్కడి నుంచి నది నగరంలోకి దిగుతుంది. అంబర్‌పేట, నాగోల్ దాటాక పీర్జాదిగూడ, ప్రతాపసింగారం, కొర్రెముల మీదుగా ఏదులాబాద్, పిల్లాయిపల్లి వైపు పోతుంది.

ఈ గీత మీద నాలాలను గుర్తించండి. ఏ నాలా ఏ పారిశ్రామికవాడ నుంచి వస్తుందో రాయండి. కాటేదాన్, నాచారం, ఉప్పల్ ఉన్నాయి. బాలానగర్, జీడిమెట్ల నీళ్లు కూకట్‌పల్లి నాలా గుండా హుస్సేన్‌సాగర్‌కు, దాని అలుగు నాలా గుండా మూసీకి వచ్చేవి. భూమి వాలు ఒక్కటే చూసి ఆగిపోకండి. పటాన్‌చెరు వాగులు నక్కవాగు మీదుగా మంజీరకు, అంటే గోదావరి వైపు పోతాయి. కానీ అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి నీటిని పైపులైన్లో అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి తెచ్చే ఏర్పాటు కూడా జరిగింది. వాలు ఒకవైపు, పైపు ఒకవైపు.

ఏ లోహం కోసం వెతుకుతున్నామో ముందే తెలియాలి. లోహపు పూతల పనిలో క్రోమియం, నికెల్, జింకు, కాడ్మియం వస్తాయి. పాత బ్యాటరీలు కరిగించే చోట సీసం. తోళ్ల శుద్ధిలో క్రోమియం. రంగుల పొడుల్లో సీసం, కాడ్మియం, క్రోమియం. టైర్ల అరుగుదలతో జింకు, బ్రేకుల పొడిలో రాగి. పొలాల నుంచి ఫాస్ఫేటు ఎరువులతో వచ్చే కాడ్మియం కూడా ఉంటుంది, దాన్ని మరవద్దు. సీసం కలిపిన పెట్రోలు దేశమంతటా 2000 నాటికి ఆగిపోయినా, అప్పటి దుమ్ములోని సీసం రోడ్ల పక్క మట్టిలో ఇంకా ఉంది.

నమూనా తీసే చోట్లు

అందరూ మొదట మురికి చోటికే పరిగెడతారు. మీరు మొదట శుభ్రమైన చోటికి వెళ్లండి. గండిపేటకు ఎగువన, వాగు ఒడ్డున, రోడ్డుకూ ఇటుక బట్టీకీ దూరంగా మూడు నమూనాలు తీయండి. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర పరిశ్రమలు రాకుండా 1996 నాటి 111 జీవో చాలాకాలం కాపాడింది కాబట్టి పోల్చడానికి ఆ ప్రాంతం పనికొస్తుంది. ఈ మూడు సంచులు లేకుండా మీ లెక్క నిలబడదు. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

తర్వాత దిగువకు. ఒక నాలా కలిసే చోట రెండు నమూనాలు కావాలి: కలవకముందు ఒకటి, కలిసి నీళ్లు బాగా కలగలిసిపోయాక కొంత దూరంలో ఇంకొకటి. సరిగ్గా నాలా నోట్లో తీస్తే అది నాలా గురించే చెబుతుంది, నది గురించి చెప్పదు. వంతెన కింద తీయకండి, పైనుంచి రోడ్డు దుమ్ము పడుతుంది. విగ్రహాల నిమజ్జనం జరిగే చోటును విడిగా రాసుకోండి, రంగుల లోహాలు అక్కడ కలిసి లెక్కను చెదరగొడతాయి.

మూసీలో అసలైన చోట్లు కత్వలు. పాత రోజుల నుంచి కాలవల్లోకి నీళ్లు మళ్లించడానికి నదికి అడ్డంగా కట్టిన ఈ కత్వల వెనక నీళ్లు నెమ్మదిస్తాయి. నెమ్మదించిన నీళ్లు మోసుకొచ్చిన సన్నటి ఒండ్రును అక్కడే దించేస్తాయి. సన్నటి ఒండ్రుతోనే లోహాలూ దిగుతాయి. ఇసుక తేలిన చోట పది నమూనాలు తీసేకంటే కత్వ వెనక రెండు తీయడం మేలు.

ఏడాదిలో రెండుసార్లు వెళ్లండి: వానలకు ముందు ఏప్రిల్, మేలో ఒకసారి, వరదలు తగ్గాక నవంబరులో మరోసారి. పెద్ద వరద పాత బురదను కడిగేసి కిందికి పంపుతుంది. ఒక్కసారి తీసిన నమూనాతో నది బాగుపడిందనో చెడిందనో అనకండి.

దిగే ముందు, దిగాక

ఇది మురుగు కలిసిన నది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చేతికి తొడుగులు, ధనుర్వాతం టీకా తప్పనిసరి. చేతికి గాయం ఉన్నవాళ్లు ఒడ్డునే ఉండి రాతపని చూసుకోవాలి. ఒంటరిగా వెళ్లకండి. జలాశయాల గేట్లు ఎత్తే రోజుల్లో అసలు వెళ్లకండి.

పరికరాలు చవకవే, కానీ ఒక్కటీ లోహంతో చేసింది కాకూడదు. ప్లాస్టిక్ చట్టి, ప్లాస్టిక్ గరిటె, జిప్పు ఉన్న పాలిథీన్ సంచులు, చెరగని మార్కరు, ఐసు పెట్టె, ఫోనులో జీపీఎస్. మేము తొలిసారి వెళ్లినప్పుడు ఒకరు తాపీ పని కొత్త గరిటె తెచ్చారు. ఆ గరిటె తుప్పు, పూత నమూనాల్లో కలిసి ఉంటాయన్న అనుమానం తీరే దారి లేక ఆ రోజు పనంతా వదులుకున్నాం.

ఒక్కో చోట అయిదారు అడుగుల ఎడంలో నాలుగైదు చోట్ల పైపొర 5 సెంటీమీటర్లు మాత్రమే తీయండి. లోతుగా తవ్వితే పాత సంవత్సరాల బురద వచ్చి కలుస్తుంది. అన్నీ చట్టిలో కలిపి, రాళ్లు, ఆకులు, గాజు ముక్కలు ఏరి, అర కిలో తడి బురద సంచిలో వేయండి. గాలి పిండేసి మూయండి. సంచి మీద చోటు, తేదీ, సమయం, జీపీఎస్ అంకెలు రాసి, అవే నోటుబుక్కులోనూ రాయండి. బురద రంగు, వాసన కూడా రాయండి. నల్లగా ఉండి కుళ్లిన గుడ్డు వాసన వస్తే అక్కడ ప్రాణవాయువు లేదని అర్థం. అది ఆఖరి మెట్టులో అక్కరకొస్తుంది. ప్రతి పది సంచులకూ ఒక చోట రెండోసారి తీసి వేరే నంబరు వేయండి. ల్యాబుకు ఆ సంగతి చెప్పకండి. ఆ రెండు అంకెలూ దగ్గరగా వస్తేనే మిగతావాటిని నమ్మొచ్చు.

నీళ్లూ కావాలంటే 0.45 మైక్రాన్ల వడపోత గుండా వడకట్టి, నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కంటే తగ్గించి దాచాలి. సీసాలను ముందుగా పలచని నైట్రిక్ ఆమ్లంలో నానబెట్టి కడగాలి. ఆమ్లంతో చేసే పని ల్యాబులో, తెలిసినవాళ్ల చేతుల మీదే జరగాలి.

ఆరబెట్టడం, జల్లించడం

బురదను ఎండలో కాకుండా దుమ్ము పడని గదిలో, ప్లాస్టిక్ పళ్లెంలో ఆరబెట్టండి. పాదరసం చూడాలనుకుంటే వేడి తగలనివ్వకండి, ఆవిరై పోతుంది. ఆరాక 63 మైక్రాన్ల నైలాన్ జల్లెడలో జల్లించండి. ఇత్తడి జల్లెడ వాడితే రాగి, జింకు మీరే కలిపినట్టు.

ఈ జల్లించడాన్ని చాలామంది వదిలేస్తారు. అక్కడే పని చెడుతుంది. లోహాలు సన్నటి రేణువులను పట్టుకుంటాయి, ఇసుకలో తక్కువ. నాగోల్ దగ్గర ఇసుక ఎక్కువున్న బురద, కత్వ దగ్గర బంకమట్టి తీసుకుని జల్లించకుండా పోల్చితే మీరు కొలిచింది కాలుష్యాన్ని కాదు, ఇసుక పాలును. జల్లెడ దొరకకపోతే కనీసం అల్యూమినియం కూడా కొలవమని ల్యాబును అడగండి. బంకమట్టి పెరిగితే అల్యూమినియం పెరుగుతుంది కాబట్టి ప్రతి లోహాన్నీ దానితో భాగిస్తే ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది.

ల్యాబును అడగాల్సినవి

ఎన్ఏబీఎల్ (ల్యాబుల పనితీరు చూసి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా, ఆ గుర్తింపు మట్టిలోని లోహాలకు ఉందా అని అడగండి. నీళ్లకు మాత్రమే ఉన్న ల్యాబులు ఎక్కువ. బురదను ఏ ఆమ్లాలతో కరిగిస్తారో అడిగి రాసుకోండి. నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాలతో కరిగిస్తే రాతి గర్భంలోని లోహం పూర్తిగా బయటికి రాదు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడితే అంతా వస్తుంది. రెండూ పనికొచ్చే పద్ధతులే. కానీ ఒక ఏడాది ఒకటి, మరో ఏడాది ఇంకొకటి చేయించి పోల్చకండి. విలువ తెలిసిన ప్రామాణిక మట్టిని మీ నమూనాలతో పాటు నడిపారా, అందులో ఎంత శాతం తిరిగి దొరికింది అన్నది రిపోర్టులో ఉండాలి. కాడ్మియానికి ఐసీపీ-ఎంఎస్ అనే కొలత యంత్రం మంచిది, అది తక్కువ మోతాదునూ పట్టుకుంటుంది.

పోల్చే అంకె ఎక్కడిది?

ఇక్కడ నిదానించండి. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే చోటు ఇదే.

మట్టిలో లోహాలు సహజంగానే ఉంటాయి. మీ నమూనాలో కిలోకు 180 మిల్లీగ్రాముల క్రోమియం ఉంటే అందులో రాయి ఇచ్చింది ఎంత, మనిషి కలిపింది ఎంత? దానికో సహజ విలువ కావాలి. చాలామంది 1961లో టురేకియన్, వెడెపోల్ అనే శాస్త్రవేత్తలు ప్రచురించిన సగటు షేల్ రాయి (బంకమట్టి గట్టిపడి ఏర్పడే రాయి) విలువలు తీసుకుంటారు. కిలోకు మిల్లీగ్రాముల్లో: క్రోమియం 90, నికెల్ 68, రాగి 45, జింకు 95, సీసం 20, ఆర్సెనిక్ 13, పాదరసం 0.4, కాడ్మియం 0.3.

ఇవి ప్రపంచ సగటు. మూసీ పుట్టింది మాత్రం దక్కను బసాల్టు, దాని మీది ఎర్రటి లాటరైటు నేలల్లో. అక్కడి నుంచి నది హైదరాబాద్ గ్రానైటు మీదకు వస్తుంది. అదే పట్టికలో బసాల్టు సగటు క్రోమియం 170, నికెల్ 130, రాగి 87. గ్రానైట్లలో ఇవన్నీ చాలా తక్కువ. అంటే బసాల్టు నల్లమట్టి కొట్టుకొచ్చిన చోట షేల్ అంకెతో పోల్చితే, ఏ ఫ్యాక్టరీ లేకపోయినా క్రోమియం కాలుష్యం కనబడుతుంది. గ్రానైటు ఇసుక ఎక్కువున్న చోట అదే అంకెతో పోల్చితే నిజంగా కలిసిన క్రోమియం కూడా కనబడకుండా పోతుంది. మహారాష్ట్ర నుంచి వచ్చే కృష్ణ, గోదావరి ఒండ్రుకూ ఈ చిక్కు ఉంది.

అందుకే గండిపేట ఎగువన ఆ మూడు సంచులు. వాటి సగటే మీ మొదటి సహజ విలువ. నగరానికి దగ్గర్లో, పరిశ్రమల నీళ్లు తగలని గ్రానైటు నేల వాగు నుంచి ఇంకో మూడు తీస్తే మరీ మంచిది. షేల్ అంకెలతోనూ ఒకసారి లెక్క చేసి, రెండు ఫలితాలూ పక్కపక్కన చూపించండి. ఏ అంకెతో పోల్చారో చెప్పని నివేదికను నేను నమ్మను, మీరూ నమ్మకండి.

లెక్క

1980లో స్వీడన్ శాస్త్రవేత్త లార్స్ హోకన్సన్ చెప్పిన పద్ధతినే ఇప్పటికీ ఎక్కువగా వాడుతున్నారు. మూడే మెట్లు.

కాలుష్య గుణకం = నమూనాలో ఉన్న మోతాదు ÷ సహజ విలువ.

ఆ లోహం ముప్పు = విష గుణకం × కాలుష్య గుణకం.

మొత్తం ముప్పు సూచిక = అన్ని లోహాల ముప్పుల కూడిక.

విష గుణకాలు: పాదరసం 40, కాడ్మియం 30, ఆర్సెనిక్ 10, సీసం 5, రాగి 5, క్రోమియం 2, జింకు 1. నికెల్ ఆయన జాబితాలో లేదు, తర్వాతివాళ్లు దానికి 5 వేస్తున్నారు.

ఒక్కో లోహం ముప్పు 40 లోపైతే తక్కువ, 40–80 మధ్యస్థం, 80–160 చెప్పుకోదగ్గది, 160–320 ఎక్కువ, 320 దాటితే చాలా ఎక్కువ. మొత్తం సూచికకైతే 150 లోపు తక్కువ, 150–300 మధ్యస్థం, 300–600 చెప్పుకోదగ్గది, 600 దాటితే చాలా ఎక్కువ.

ఒక నమూనా చేసి చూద్దాం. కింది అంకెలు లెక్క చూపడానికి నేను వేసుకున్నవే, మూసీలో కొలిచినవి కావు. కిలోకు మిల్లీగ్రాముల్లో రాగి 90, సీసం 80, జింకు 285, క్రోమియం 180, కాడ్మియం 0.9 అనుకోండి. షేల్ విలువలతో భాగిస్తే:

రాగి 2 రెట్లు, ముప్పు 10
సీసం 4 రెట్లు, ముప్పు 20
జింకు 3 రెట్లు, ముప్పు 3
క్రోమియం 2 రెట్లు, ముప్పు 4
కాడ్మియం 3 రెట్లు, ముప్పు 90

కూడితే 127. అది 150 లోపే ఉంది కాబట్టి "ముప్పు తక్కువ" అని రాసి ముగించేవాళ్లే ఎక్కువ. ఆగండి. కాడ్మియం ఒక్కటే 90తో చెప్పుకోదగ్గ వరుసలో ఉంది, కూడికలో అది కనబడకుండా పోయింది.

ఇంకో పొరపాటు దీనికంటే పెద్దది. హోకన్సన్ 150, 300, 600 గీతలు గీసింది ఎనిమిది కాలుష్య పదార్థాలకు: పైన చెప్పిన ఏడు లోహాలు, వాటితో పాటు 40 గుణకంతో పీసీబీలు (పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్ అనే విష రసాయనాలు). వాటి గుణకాల మొత్తం 133. మనం కొలిచింది అయిదింటిని, వాటి గుణకాల మొత్తం 43. ఎనిమిది మందికి వండిన అన్నం కొలతతో అయిదుగురి ఆకలిని కొలిచినట్టు ఉంది ఇది. గీతలను కూడా అదే నిష్పత్తిలో తగ్గించాలి: 150ని 43తో గుణించి 133తో భాగిస్తే సుమారు 48. తర్వాతి గీతలు 97, 194. ఇప్పుడు మన 127 "తక్కువ"లో లేదు, "చెప్పుకోదగ్గ" వరుసలో ఉంది. బురద అదే, అంకె అదే, మాట మారింది. పాదరసం, ఆర్సెనిక్ కొలవకుండా సూచిక తక్కువని ప్రకటించడం ఈ రంగంలో చాలా తరచుగా కనబడే తప్పు.

ఇప్పుడు సహజ విలువ మార్చి చూడండి. ఎగువన తీసిన బురదలో కాడ్మియం 0.15, క్రోమియం 150 వచ్చాయనుకుందాం. కాడ్మియం 6 రెట్లవుతుంది, ముప్పు 180, అంటే ఎక్కువ. క్రోమియం 1.2 రెట్లకు దిగుతుంది, అంటే దాదాపు రాయి ఇచ్చిందే.

తోడుగా మరో రెండు లెక్కలు చేసుకోవచ్చు. కాలుష్య గుణకాలన్నిటినీ గుణించి, ఎన్ని లోహాలుంటే అన్నో మూలం తీస్తే కాలుష్య భార సూచిక వస్తుంది. మన ఉదాహరణలో షేల్ విలువలతో 2.7. అది 1 దాటితే కాలుష్యం చేరినట్టు. 1969లో ముల్లర్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన సూచికకు నమూనా విలువను సహజ విలువకు ఒకటిన్నర రెట్లతో భాగించి, ఆధారం 2 గా సంవర్గమానం (లాగరిథమ్) తీయాలి. సీసానికి 80ని 30తో భాగించి చేస్తే 1.4, అంటే మధ్యస్థ కాలుష్యం. ఆ ఒకటిన్నర రెట్లు సహజ విలువలో ఉండే హెచ్చుతగ్గులకు ఇచ్చిన వెసులుబాటు.

ఇంకో వైపు నుంచి చూడండి

హోకన్సన్ లెక్క సహజ విలువకు ఎన్ని రెట్లని చూస్తుంది. బురదలో బతికే పురుగులు, నత్తలు, లార్వాలు తట్టుకుంటాయా అన్నది వేరే ప్రశ్న. దానికి 2000లో మెక్‌డొనాల్డ్, ఆయన సహచరులు ఉత్తర అమెరికా మంచినీటి బురదలకు రెండేసి గీతలు ఇచ్చారు. కింది గీత లోపైతే హాని సాధారణంగా ఉండదు, పై గీత దాటితే హాని ఉండే అవకాశం ఎక్కువ. కిలోకు మిల్లీగ్రాముల్లో:

ఆర్సెనిక్ 9.79, 33
కాడ్మియం 0.99, 4.98
క్రోమియం 43.4, 111
రాగి 31.6, 149
సీసం 35.8, 128
పాదరసం 0.18, 1.06
నికెల్ 22.7, 48.6
జింకు 121, 459

మన ఉదాహరణను ఇక్కడ పెట్టండి. ఇందాక భయపెట్టిన కాడ్మియం 0.9 కింది గీతకూ లోపే ఉంది. ఇందాక 4 మార్కులతో పోయిన క్రోమియం 180 పై గీతను దాటేసింది. రెండు పద్ధతులూ ఎదురెదురు మాటలు చెబుతున్నాయి. విద్యార్థులు ఇక్కడ గాభరాపడి ఒకదాన్ని వదిలేస్తారు. అలా చేయకండి, ఈ తగాదాలోనే సమాచారం ఉంది. కాడ్మియం ఈ నదికి కొత్తగా వచ్చి చేరుతోంది, ఇంకా పురుగులను చంపే స్థాయికి రాలేదు. మూలం ఎక్కడో ఇప్పుడే వెతకాలి. క్రోమియం మోతాదు పెద్దదే, కానీ బసాల్టు నేలల్లో ఫ్యాక్టరీ లేకుండానే 111 దాటొచ్చు. కాబట్టి అది రాతిలో బిగుసుకుని ఉందా, కదిలే రూపంలో ఉందా అన్నది తేల్చాలి.

ఎంత ఉందన్నది సరే, ఎంత కదులుతుంది?

దీనికి ల్యాబులో వరస కరిగింపు చేయిస్తారు. 1979లో టెస్సియర్ బృందం మొదలుపెట్టిన పద్ధతి ఇది. ముందు మెత్తని రసాయనంతో, తర్వాత ఇంకాస్త గట్టిదానితో, ఇలా అంచెలంచెలుగా లోహాన్ని బయటికి లాగుతారు. రేణువు పైపైన, కార్బొనేట్లలో ఉన్నది మొదటి అంచెల్లోనే వస్తుంది. ఆ వాటా మొత్తంలో 10 శాతం లోపైతే ముప్పు తక్కువ, 30 దాటితే ఎక్కువ, 50 దాటితే చాలా ఎక్కువ అని లెక్క. రాయి ఇచ్చిన క్రోమియం ఆఖరి అంచెలోనే వస్తుంది. అన్ని నమూనాలకూ ఈ పరీక్ష అక్కర్లేదు, అనుమానం ఉన్న రెండు మూడింటికి చాలు.

నల్లటి బురద, కుళ్లిన గుడ్డు వాసన రాసుకోమన్నాను కదా. ప్రాణవాయువు లేని ఆ అడుగున కాడ్మియం, సీసం, జింకు గంధకంతో కలిసి సల్ఫైడ్లుగా బిగుసుకుని ఉంటాయి. కదిలించనంత కాలం కాస్త నిశ్చింత. పూడిక తీసి ఒడ్డున పోస్తే గాలి తగులుతుంది, సల్ఫైడ్లు విడిపోతాయి, లోహం కదిలే రూపంలోకి వస్తుంది. మన దగ్గర చెరువు పూడికమట్టిని పొలానికి తోలడం తరతరాల అలవాటు, చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పథకం రోజుల్లో ఊరూరా ట్రాక్టర్లు నడిచాయి. వాననీటి చెరువు ఒండ్రు పొలానికి బంగారమే. పరిశ్రమల నాలా కలిసే చెరువు పూడికను మాత్రం పరీక్ష లేకుండా పొలంలో పోయకండి. ఒక్కసారి నేలలో కలిసిన కాడ్మియాన్ని తీసేయడం రైతు చేతిలో ఉండదు.

జపాన్‌లో జింజు నది ఒడ్డు రైతులు అనుభవించింది ఇదే. కమియోకా గని నుంచి వచ్చిన కాడ్మియం నది నీళ్లతో వరిమళ్లకు చేరింది, బియ్యంలోకి ఎక్కింది, ఏళ్ల తర్వాత ఎముకలు విరిగే జబ్బుగా బయటపడింది. నొప్పికి వాళ్లు అరిచిన అరుపే, ఇతాయ్-ఇతాయ్, ఆ జబ్బు పేరయింది. 1968లో ప్రభుత్వం కారణాన్ని ఒప్పుకునేసరికి చాలా ఇళ్లలో నష్టం జరిగిపోయింది.

ఫలితాన్ని ఎవరికి, ఎలా చెప్పాలి

పీర్జాదిగూడ నుంచి కింది దాకా మూసీ నీళ్లతో పశువుల గడ్డి, ఆకుకూరలు, వరి పండించే కుటుంబాలు ఉన్నాయి. బురద అంకె పట్టుకుని ఆ కూరలు విషమని చెప్పకండి. బురదలో ఉన్నదంతా మొక్కలోకి ఎక్కదు, అది నేల పీహెచ్‌ను బట్టీ పంటను బట్టీ ఉంటుంది. కాడ్మియం ఆకుకూరల్లోకి సులువుగా ఎక్కుతుంది. సీసం వేళ్ల దగ్గరే ఎక్కువ ఆగుతుంది, ఆకు మీద ఉండేది చాలావరకు అంటుకున్న మట్టే. అనుమానం వస్తే పొలం మట్టి, కడిగిన ఆకు, కడగని ఆకు మూడూ పరీక్షకు ఇవ్వండి. ఫలితం మొదట ఆ రైతుకే చెప్పండి, ఆయన పేరు, సర్వే నంబరు బయటపెట్టకండి. బజారులో ఆయన కూర అమ్ముడుపోకుండా చేసి మనం సాధించేది ఏమీ లేదు. నాలాలోకి వదిలినవాడు ఎక్కడో ఉన్నాడు, నష్టం ఈయన మీద పడకూడదు.

నివేదికలో ఇవన్నీ ఉండాలి: చోట్ల జీపీఎస్, తేదీలు, జల్లెడ పరిమాణం, కరిగించిన పద్ధతి, ప్రామాణిక మట్టి ఫలితం, రెండోసారి తీసిన నమూనాల తేడా, ఏ సహజ విలువలు వాడారు, ఎన్ని లోహాలు కొలిచారు, గీతలు సవరించారా లేదా. తర్వాత కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో రాతపూర్వకంగా ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి. మండలి దగ్గరున్న పాత కొలతలను 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఆ కొలతలు నీళ్లవా, బురదవా అని స్పష్టంగా అడగాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాల్సి వస్తే మనకు చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనం. అక్కడ "చట్ట ప్రకారం మా నమూనాలు సాక్ష్యం" అని వాదించలేం. అధికారికంగా నమూనాలు తీయమని అడగడానికి ఆధారంగా మాత్రం అవి గట్టిగా నిలబడతాయి.

ఇక మిగిలిన పొడి. ల్యాబుకు పంపగా ప్రతి నమూనాలో కొంత మిగులుతుంది. దాన్ని పారేయకండి. గాజు లేదా ప్లాస్టిక్ సీసాలో పోసి, నంబరు, తేదీ రాసి, మూత చుట్టూ టేపు వేసి, తడి తగలని అలమరలో పెట్టండి. కాలేజీలో చేస్తే తర్వాతి బ్యాచ్‌కు అప్పగించండి. వచ్చే నవంబరులో కొత్త నమూనాలతో పాటు ఈ పాత పొడిలో రెండు మూడింటిని మళ్లీ ల్యాబుకు ఇవ్వండి. పాతవి పోయినేటి అంకెలే చూపిస్తే, కొత్తవాటిలో కనబడే తేడా ల్యాబుది కాదు, నదిది.